బలపరిచినవాడు

రోజెన్‌థాల్, కాన్సస్
మే నెలాఖరు

కేటీ అక్కా,

మఠంలో అందరికీ నువ్వు సిస్టర్ ఓడిలియావని తెలుసు. కవరు మీద అదే రాశాను. లోపల మాత్రం నాకు కేటీ అక్కవే.

పోయిన ఆదివారం ఫోన్ చేస్తే ఎవరో చిన్న సిస్టర్ ఎత్తింది. నీకు రెండో చెవి కూడా వినపడటం లేదట, ఏదైనా ఉంటే రాసి పంపమంది. ఒక రకంగా నయమే అనిపించింది. ఫోన్లో మనం మాట్లాడుకునేదేముంది? నువ్వు "ఆఁ?" అనడం, నేను "ఏం లేదులే" అనడం. ఇక రాస్తాను. తప్పులుంటే నవ్వుకో. మనూరి బళ్ళో నాకు అబ్బిన చదువెంతో నీకు తెలియంది కాదు.

గోధుమ బాగానే ఉంది. వడగళ్ళు పడకపోతే వచ్చే నెల కోతకొస్తుంది. చేను కౌలుకిచ్చేసినా పొద్దున్నే వెళ్ళి చూసి రావడం మానలేదు. ఇంట్లో చూడటానికేముంది?

అసలు సంగతి గురువారం మీటింగులో జరిగింది. చర్చి కింది హాల్లో మా ప్రాణరక్షణ సంఘం కూడుతుందని నీకు తెలుసు. టిల్లీ మొదలుపెట్టిన సంఘమే అది. నా భార్య పోయి ఆరేళ్ళవుతున్నా నేను వెళ్తూనే ఉన్నాను. కడుపులో బిడ్డని చంపకూడదన్న మాట ఆమె నమ్మింది, నేనూ నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. అదొక్కటే అంటే అబద్ధమవుతుంది. వారం మొత్తంలో నన్నెవరైనా పేరుపెట్టి పిలిచేది ఆ ఒక్క సాయంత్రమే.

అక్కడ నా పనేమిటో నీకెప్పుడూ చెప్పలేదు. ఏ తీర్మానమైనా ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. మొదట్లో బలపరచడానికి ఎవరూ ముందుకొచ్చేవాళ్ళు కాదు. టిల్లీ నన్ను మోచేత్తో పొడిచేది. నాకు నోరు పెగలక ఊరికే లేచి నిలబడేవాణ్ణి. మా అధ్యక్షుడు క్లీటస్ (బళ్ళో నా పక్కన కూర్చున్న క్లీటసే) గట్టిగా "వెండలిన్ బలపరిచాడు" అని రాయించేవాడు. నా సిగ్గు చూసి వాడు చేసిన ఉపకారం అది. అప్పట్నుంచీ అదే ఆనవాయితీ. కాఫీ కుండ కొనాలన్నా, ఎవరికో పూజ చెప్పించాలన్నా నేను లేస్తే అయిపోయినట్టే. "వెండలిన్ మోకాళ్ళు బాగున్నంతకాలం మన సంఘానికి ఢోకా లేదు" అని వేళాకోళం చేస్తారు. టిల్లీ పోయాక ఆ వేళాకోళమే నాకు చుట్టరికం.

ఎన్నికలొస్తే మా సంఘానికి చేతినిండా పని. నిలబడ్డవాళ్ళందరికీ రాష్ట్ర సంఘం పెద్దాఫీసు ప్రశ్నల కాయితం పంపుతుంది. అన్నిటికీ "అవును" అన్నవాళ్ళనే సంఘం బలపరుస్తుంది. వాళ్ళ పేరుతో ఇంటింటికీ కార్డు పోతుంది, ఆడవాళ్ళు కూర్చుని ఫోన్లు చేస్తారు, ఓటింగు ముందు ఆదివారం పూజ జరుగుతుండగానే బయట కార్ల అద్దాల వైపర్ల కింద చీటీలు పెడతారు, హైవే మీద నా చేను మూలన పెద్ద బోర్డు లేస్తుంది. ఆ కార్డు మీద పేరుంటే మా జిల్లాలో గెలిచినట్టే. ఆగస్టులో పార్టీ లోపల జరిగే ఎన్నికే ఇక్కడ అసలు ఎన్నిక. నవంబరుది తద్దినం.

పోయిన మూడు ఎన్నికల్లోనూ ఆ కార్డు మీద ఉన్న పేరు జోలీన్‌ది. గుర్తుందా, టిల్లీ జ్ఞానపుత్రిక, చర్చిలో తను తల్లిగా నిలిచిన పిల్ల? జ్ఞానస్నానం రోజు నీ చేతుల్లోనే ఏడుపు మానింది. జిల్లా ఆసుపత్రిలో నర్సుగా చేసీ చేసీ, రాష్ట్ర శాసనసభకు నిలబడింది. ఆమె బోర్డుకు గుంజలు నేనే పాతాను, మూడుసార్లూ.

ఈసారి ప్రశ్నల కాయితంలో ఒకటి ఇలా ఉంది: ఏ మినహాయింపూ లేకుండా పుట్టబోయే ప్రతి బిడ్డకూ రక్షణనిచ్చే చట్టానికి ఓటేస్తారా? జోలీన్ "అవును" దగ్గర గుర్తు పెట్టి, పక్కన ఖాళీలో చేత్తో రాసింది: "బిడ్డ గర్భసంచిలో కాక ట్యూబులో పడ్డప్పుడు తల్లిని బతికించడం నేరం కాదని చట్టంలోనే రాస్తే." సంఘం నియమమేమిటంటే, పక్కన ఏం రాసినా "కాదు" కిందే లెక్క.

క్లీటస్ అది చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకూ ఇష్టం లేదు. పిల్ల మంచిది. కానీ నియమం మనవాళ్ళకొకటీ పరాయివాళ్ళకొకటీ కాదు కదా" అన్నాడు. వాడి భార్య వెర్లీన్ ఊరుకుంటుందా! "అవునంటే అవునే. పెళ్ళిలో ఫాదర్ అడిగితే 'అవును ఫాదర్, వీడు గురక పెట్టకపోతే' అన్నానా నేను?" అంది. హాలంతా గొల్లుమంది. "నేనే అనాల్సింది" అన్నాడు క్లీటస్. ఆ నవ్వుల్లోనే వెర్లీన్ ప్రతిపాదించింది, ఈసారి జోలీన్‌కి మద్దతు తీసెయ్యాలని.

నేను లేచాను అక్కా. ఆగండి అందామని లేచాను. నా జన్మలో మొదటిసారి మాట్లాడటానికని లేచాను. గొంతు సవరించుకునేలోపే క్లీటస్ "వెండలిన్ బలపరిచాడు" అన్నాడు. చేతులెత్తారు. అయిపోయింది. "కాదు" అనాలని నాలిక చివరిదాకా వచ్చింది. అప్పటికే వెర్లీన్ కూఖెన్ కేకు ముక్కలు కోస్తూ "నీకు పీచ్ పళ్ళదా, ప్లమ్‌దా వెండలిన్?" అని అడిగింది. "ప్లమ్" అన్నాను.

సంఘం పత్రికలో వేశారు. ప్రతిపాదించినవారు వెర్లీన్, బలపరిచినవారు వెండలిన్ బీకర్. జోలీన్ ఇంటికీ ఆ పత్రిక పోతుంది.

ఎందుకు లేచానో నీకు రాద్దామనే కూర్చున్నాను. చేతకాలేదు. ఇంకోసారి.

నీ తమ్ముడు
వెండలిన్


రోజెన్‌థాల్
కోతలయ్యాక

అక్కా,

కోత యంత్రాలు వెళ్ళిపోయాయి. దుమ్ము ఇంకా కిటికీల మీదే ఉంది. తుడవాలి.

జోలీన్ వచ్చింది. పికప్పు ఆగిన చప్పుడుకి దొడ్డిదారిన కొట్టంలోకి పోదామా అనిపించింది. చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం, వేడి వేడి బీరాక్ బన్నులు, లోపల కూరిన మాంసం, కాబేజీ వాసన. టిల్లీ నేర్పిన వంటే.

"పెదనాన్నా, కూర్చోమనవా?" అంది.

"కూర్చో."

"పత్రికలో నీ పేరు చూశాను." కోపంగా అనలేదు. అంతకంటే కష్టంగా ఉంది. "ఓట్లు పోతాయని కాదు పెదనాన్నా. ఓట్లదేముంది, పోతే మళ్ళీ ఇంజెక్షన్లు చేసుకుంటాను. నేనేమైనా అవతలి పక్షంలో చేరానా? పెద్దమ్మ ఏం నేర్పిందో అదే నమ్ముతున్నాను. కానీ ఆసుపత్రిలో నా చేతుల్లో ఒకమ్మాయి తెల్లగా పాలిపోతుంటే, డాక్టరు ఫోను పట్టుకుని వకీలుని అడుగుతున్నాడు, ముట్టుకోవచ్చా అని. ఒక్క వాక్యం రాయండ్రా అన్నాను, అంతే. పెద్దమ్మే ఉంటే ఏమనేదా అని ఆలోచిస్తున్నాను."

నేను నోరు తెరిచాను.

"కాఫీ తాగుతావా?" అన్నాను.

పక్కున నవ్వింది. "తాగుతాను. నీతో పోట్లాడటం గోడతో పోట్లాడినట్టే. గోడైనా కాస్త సున్నం రాలుస్తుంది."

వెళ్తూ వెళ్తూ, హైవే మూల గురించి తనే అంది. "వాళ్ళకే ఇచ్చుకో పెదనాన్నా. ఆ కుర్రాడెవరో, ట్రెవర్ హాల్, అన్నిటికీ 'అవును' రాశాడట. నీ గురువారాలు చెడగొట్టుకోకు. నేనేమీ అనుకోను." ఆ మాటకి నేను వాకిట్లోనే ఉండిపోయాను. నా గురువారాల సంగతి ఈ పిల్లకి తెలుసా అని.

ఇప్పుడు రాస్తాను.

మా పెళ్ళయిన అయిదో ఏడు, నువ్వు డకోటాలో బడి చెప్పేదానివి. టిల్లీకి నెల తప్పింది. ఎవరికీ చెప్పలేదు, ఈస్టరుకి చెబుదామనుకున్నాం. ఒకరోజు పాలు పితుకుతూ పొట్ట పట్టుకుని కూలబడిపోయింది. బకెట్టు తన్నుకుపోయింది. పికప్పులో వేసుకుని పోయాను. బిడ్డ గర్భసంచిలో లేదు, పక్క ట్యూబులో పడింది, అది పగిలి లోపల రక్తం కారుతోంది అన్నాడు డాక్టరు. కోసి తీసెయ్యకపోతే సాయంత్రానికి ఇద్దరూ ఉండరు అన్నాడు. ఆయన వకీలునెవరినీ అడగలేదు. కాయితం మీద సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. రెండో ట్యూబు కూడా అక్కరకు రాదని తర్వాత చెప్పారు. అందుకే మాకు పిల్లల్లేరు.

మేం తప్పు చేశామని రాయడం లేదు. అప్పటి ఫాదర్ కూడా తప్పు కాదనే అన్నాడు, ఆయనా పోయాడు. అయినా టిల్లీ ఇంకెవరికీ చెప్పుకోలేకపోయింది. సంఘం పెట్టాక అసలే చెప్పుకోలేకపోయింది. "బిడ్డని తీసేశారు" అన్న మాట నోటితో అనాలి కదా, అనగానే వినేవాళ్ళ మొహం ఒక్క క్షణం మారుతుంది కదా. ఆ ఒక్క క్షణాన్ని నేను భరించలేను అంది. ఎవరైనా "మీకెందుకు కలగలేదు?" అంటే "దేవుడివ్వలేదు" అనేది. ఇచ్చాడు అక్కా. నాతో కూడా మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆమె ఎత్తలేదని నేనూ ఎత్తలేదు. అంతకాలం ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తిన్నాం.

అందుకే లేచాను ఆ రోజు.

నిన్న క్లీటస్ ఇంటికి వెళ్ళాను. వాడు పచ్చిక కోసే యంత్రం కింద పడుకుని ఉన్నాడు.

"ఒరే, ఆ ట్యూబు సంగతి" అన్నాను.

"ఏ ట్యూబు? టైరుదా?"

"జోలీన్ రాసింది."

బయటికి పాక్కుంటూ వచ్చాడు. నేను మనుషుల ఇంటికెళ్ళి ఒక సంగతి ఎత్తడం వాడెరగడు. "చూడు వెండలిన్, అది మనం అబార్షన్ అనం. మనలో ఎవరూ అనరు. ఏ తల్లినీ చచ్చిపోమని మన సంఘం అడగలేదు."

"మరి రాస్తే ఏం?"

"రాస్తే అవును కాస్తా 'అవును కానీ' అవుతుంది. ఆ 'కానీ'లోంచి రేపు ఎవడెవడు దూరతాడో నీకు తెలీదురా. ఇన్నేళ్ళూ తలుపు పట్టుకుని నిలబడ్డవాణ్ణి, నాకు తెలుసు." అంటూనే నా మొహంలోకి చూశాడు. "ఏంట్రా? ఏమైంది?"

వాడు దుర్మార్గుడు కాడు అక్కా. టిల్లీ జబ్బుతో ఉన్నప్పుడు మంచు తవ్వి మాకు దారి చేసినవాడు. చెబుదామనే వెళ్ళాను. "ఏం లేదు, బ్లేడు మొండిగా ఉన్నట్టుంది" అని వచ్చేశాను.

ఇప్పుడు ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరం, నువ్వూ నేనూ. నువ్వు మఠంలో మనిషివి. నీ మొహం కూడా మారుతుందేమో. మారితే నాకు కనపడదు కదా అని రాశాను.

వెండలిన్


రోజెన్‌థాల్
ఆగస్టు

కేటీ అక్కా,

నీ కార్డు అందింది. అంత పెద్ద ఉత్తరానికి ఒక్క ముక్క రాశావు: "నవంబరు రెండున, ఆత్మల పండక్కి రా. చలికోటు తెచ్చుకో." కోటు సంగతి తప్ప నాకేమీ అర్థం కాలేదు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. నీ చేతివణుకు చూశాక, ఎక్కువ రాయలేవేమోలే అనుకున్నాను. రెండిట్లో ఏదో తెలియదు.

ఇక్కడి సంగతి. జులైలో ఒక మీటింగులో ట్రెవర్ హాల్‌ని బలపరచాలని తీర్మానం వచ్చింది. కుర్రాడూ వచ్చాడు. తోట నీళ్ళ సామాను అమ్ముతాడట, షేక్‌హ్యాండ్ గట్టిగా ఇచ్చాడు. వెర్లీన్ ప్రతిపాదించింది. క్లీటస్ కాయితం మీంచి తల కూడా ఎత్తకుండా "వెండలిన్..." అన్నాడు.

నేను లేవలేదు.

కుర్చీ అంచులు రెండు చేతులా పట్టుకున్నాను, అలవాటుకొద్దీ కాళ్ళు వాటంతటవే లేస్తాయేమోనని. కాఫీ కుండ గుడగుడమంటోంది. క్లీటస్ తలెత్తాడు. "వెండలిన్? మోకాళ్ళా?" అన్నాడు. ఎవరో నవ్వారు. "లేపి నిలబెట్టండ్రా పాపం" అన్నారింకెవరో. నేను తల అడ్డంగా ఊపాను. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేను ఇన్నేళ్ళూ మాట్లాడకపోతే ఎవరూ వినలేదు, ఆ రోజు మాట్లాడకపోతే అందరూ విన్నారు. వెర్లీన్ మొహం కందగడ్డలా అయింది. "టిల్లీ పెట్టిన సంఘమిది వెండలిన్" అంది. ఆమె బాధతోనే అంది, పొడవడానికి అనలేదు. నాకు మాత్రం దిగింది.

వెనక వరసలో ఎవరో బలపరిచారు. తీర్మానం నెగ్గింది. కుర్చీలు మడిచి గోడకి ఆనించి వచ్చేశాను. కూఖెన్ ఏది కావాలని నన్నెవరూ అడగలేదు.

మర్నాడు జోలీన్‌కి ఫోన్ చేసి "గుంజలు పాతాను" అన్నాను. "పెదనాన్నా, మరి నీ గురువారాలు?" అంది. "బోర్డు తీసుకురా" అన్నాను.

ఓటింగు ముందు ఆదివారం పూజయ్యాక బయటికొస్తే, అన్ని కార్ల మీదా ట్రెవర్ చీటీ ఉంది. నా పికప్పు మీద లేదు. పెట్టినా చించేవాణ్ణి కాను. ఆ ఒక్క ఖాళీ అద్దం చూస్తే, నేను ఊళ్ళో లేనట్టే అనిపించింది.

జోలీన్ ఓడిపోయింది. కొద్దిలోనే. మళ్ళీ ఆసుపత్రికి పోతుందట. బోర్డు పీకడానికి వచ్చి, మూలనున్న పొద్దుతిరుగుడు మొక్కలు చూస్తూ, "ఓడిపోయినా నీ మూల గెలిచాను పెదనాన్నా" అంది. ఆ రోజు చెప్పాల్సింది, మీ పెద్దమ్మ ఏమనేదో నాకు తెలుసమ్మా అని. గుంజ లాగుతూ ఆయాసపడ్డాను.

గురువారాలు ఇంట్లోనే ఉంటున్నాను. వెళ్ళొద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. ఆ పూటకి స్నానం చేసి చొక్కా మార్చుకోవడం మాత్రం మానలేదు. మార్చుకుని వంటింట్లో కూర్చుంటాను. చీకటి పడ్డాక విప్పేస్తాను.

నీకు నా మీద కోపముంటే కోపమనే రాయి అక్కా. ఒక్క ముక్క చాలు.

వెండలిన్


రోజెన్‌థాల్
నవంబరు

నా కేటీ అక్కా,

నీ ఎదురుగా కూర్చుని కూడా ఏమీ మాట్లాడలేకపోయాను. నీకు వినపడదు, నాకు పెగలదు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. ఇంటికొచ్చి రాస్తున్నాను.

ఆ దారంతా నడపడానికి నా కళ్ళు చాలవు. నీకు చెప్పనేలేదు, నన్ను తీసుకొచ్చింది క్లీటస్. గ్యాసు బంకు దగ్గర కనపడితే "మఠానికి పోవాలి" అన్నాను. అంతే, తెల్లారగానే కారు వాకిట్లో ఉంది. "వెర్లీన్ ప్లమ్‌ది పంపింది" అని పొట్లం నా ఒళ్ళో పెట్టాడు. దారి పొడుగునా పాతపాటలు విన్నాం. ఎన్నికల మాట వాడెత్తలేదు. నేను సరేసరి.

మీ చాపెల్లో వెనక బెంచీలో కూర్చున్నాం. మదర్ పేర్లు చదవడం మొదలుపెట్టింది. మీ సిస్టర్ల తల్లిదండ్రులు, అన్నదమ్ములు, చనిపోయినవాళ్ళందరూ. నాకు మొదట తెలియలేదు, నన్నెందుకు రమ్మన్నావో. మన అమ్మ పేరు చదివింది. నాన్న పేరు చదివింది. "క్లొటిల్డా బీకర్" అంది. టిల్లీ పేరు ఇంకో ఊరి గోడలకి తగిలి వినపడితే నాకెలాగో అయింది.

ఆ వెంటనే, "క్లొటిల్డా, వెండలిన్‌ల బిడ్డ, ఆంటన్" అంది.

నాన్న పేరు. మా బిడ్డకి పేరుందా అక్కా? నాకెవరూ చెప్పలేదు. తర్వాత నువ్వు పలక మీద రాసి చూపించావు: ఆసుపత్రి నుంచి వచ్చిన నెలకే టిల్లీ నీకు ఉత్తరంలో చెప్పుకుందని, పేరు ఆమే పెట్టిందని, ఏటా చదివించమందని. నాకెందుకు చెప్పలేదని నేనూ ఆ పలక మీదే రాస్తే, "నువ్వు అడుగుతావని చూసింది" అని రాశావు. తుడిచేసి మళ్ళీ రాశావు: "నీ మీద కోపం లేదు. ఆమెకీ లేదు." ఎవరికీ తెలియదని మేమిద్దరం విడివిడిగా మోసినదాన్ని, ఏటా ఇంతమంది ఆడవాళ్ళు గొంతెత్తి పలుకుతున్నారన్నమాట.

పేరు వినగానే నేను లేచి నిలబడ్డాను. నీకు ముందు వరసలోంచి కనపడి ఉండదు. మీ దగ్గర అలా లేవరనుకుంటాను, ఇద్దరు ముగ్గురు సిస్టర్లు వెనక్కి తిరిగి చూశారు. మదర్ తర్వాత పేరు చదవబోయి ఆగింది. నిలబడ్డానంతే. పక్కన క్లీటస్ నా మొహంలోకి చూశాడు. ఆంటన్ అంటే ఎవరో, ఏమయ్యాడో, ఆ రోజు యంత్రం కిందున్న తనతో నేను ఏ ట్యూబు గురించి మాట్లాడానో, వాడి కళ్ళల్లో ఒకదాని వెంట ఒకటి తెలిసిపోవడం చూశాను. టిల్లీ భయపడ్డ ఆ ఒక్క క్షణం అదే అయుంటుంది. మొహం మారింది అక్కా. కానీ ఆమె భయపడినట్టు కాదు.

ముందు బెంచీ పట్టుకుని, బొటబొటా కారుతున్న ముక్కుతో, వాడూ లేచి నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు చాలాసేపు పాటలు కూడా పెట్టలేదు. ఊరి ధాన్యం గోదాము కనపడ్డాక అన్నాడు, "చెప్పొచ్చు కదరా, మే నెల్లోనే?"

"లేచాను కదరా" అన్నాను.

కారు పక్కకి తీసి ఆపేశాడు. స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. ప్రశ్నల కాయితం గురించి వాడి మనసు మారిందని నేననుకోను, నేనూ అడగలేదు. కాసేపటికి తలెత్తి, "గురువారం వస్తావా?" అన్నాడు.

వెళ్తాను. ముందు జోలీన్ దగ్గరికి వెళ్ళాలి, ఆమెకో తమ్ముడున్నాడని చెప్పాలి. నోటితోనే చెబుతాను. కాఫీ ఆమెనే పెట్టమంటాను.

ఆంటన్ తండ్రి,
నీ తమ్ముడు
వెండలిన్